డిస్కు పోయిన రోజు నుంచి వెనక్కి లెక్కేసి పెట్టిన రెయిడ్: ఒక సర్వర్ కేస్ స్టడీ

రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడుతూ, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే పద్ధతి) పెట్టాలి అనుకోగానే అందరూ ముందు అడిగేది ఎంత స్పేస్ వస్తుంది అని, తర్వాత ఎంత స్పీడ్ వస్తుంది అని. నేను మాత్రం ఏ సర్వర్ దగ్గరైనా వేరే ప్రశ్నతో మొదలుపెడతా: ఇందులో ఒక డిస్కు పోయిన రోజు ఏం జరుగుతుంది? ఎవరికి తెలుస్తుంది, ఎవరు మారుస్తారు, మార్చాక మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆ గంటల్లో ఇంకో డిస్కు కూడా పోతే పరిస్థితి ఏంటి. వీటికి జవాబులు కాగితం మీద రాసుకుంటే రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా తట్టుకునేది) పెట్టాలా, 6 (రెండు పోయినా తట్టుకునేది) పెట్టాలా, 10 (డిస్కుల్ని జంటలుగా పెట్టి ప్రతిదానికీ కాపీ ఉంచేది) పెట్టాలా అనేది పెద్దగా వాదించుకోకుండానే తేలిపోతుంది. ఈ కేసులో అలాగే తేలింది కాబట్టి లెక్కలతో సహా మొత్తం రాస్తున్నా, ఇలాంటి బాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి పనికొస్తుంది.

చోటు ఒక డయాగ్నస్టిక్ సెంటర్. ఉన్నది ఒకే సర్వర్, దాని మీద రెండు పనులు. ఒకటి రిపోర్టుల సాఫ్ట్‌వేర్, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంటే కౌంటర్లో ఎంట్రీలు, ల్యాబ్‌లో రిజల్టులు, డాక్టర్లు అప్రూవ్ చేయడం, అన్నీ చిన్న చిన్న రైట్లు (డిస్కు మీద రాతలు), ఆగకుండా. రెండోది స్కాన్ ఇమేజీలు, సీటీ, ఎంఆర్ఐ మెషీన్ల నుంచి వచ్చే స్టడీలు, ఒకసారి రాశాక మళ్ళీ మారవు, పాత పేషెంట్ వచ్చినప్పుడు తెరుస్తారు, కానీ ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ రెండూ ఒకే రెయిడ్ 5 వాల్యూమ్ మీద ఉన్నాయి, 4 టీబీ డిస్కులు 6, ఒక హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు.

నన్ను పిలిచింది స్లో అయిందని. పొద్దున రద్దీ టైంలో రిపోర్ట్ సేవ్ కొడితే స్క్రీన్ అలా ఆగిపోతుంది, కొత్త సర్వర్ కొందాం, ఏది కొనాలో చెప్పండి అన్నారు. నేను అడిగిన మొదటి మాట, స్కాన్ తెరవడం కూడా స్లో అయిందా అని. లేదు, అది బాగానే తెరుచుకుంటుందట. అక్కడే సగం విషయం తెలిసిపోయింది. పెద్ద ఫైల్ చదవడం బాగానే ఉండి చిన్న రైట్ మాత్రమే ఆగుతోందంటే ప్రాసెసర్ దగ్గరో నెట్‌వర్క్ దగ్గరో వెతికే ముందు రైట్ క్యాష్ చూడాలి.

పాత సర్వర్‌లో ఏముంది

కార్డు మేనేజ్‌మెంట్ టూల్ తెరిచి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, కార్డు మీదున్న బ్యాటరీ చచ్చిపోయింది. ఈ బ్యాటరీ ఎందుకంటే, డేటాబేస్ ఒక రైట్ పంపగానే కార్డు దాన్ని తన మెమరీలో పెట్టుకుని "రాసేశా" అని చెప్పేస్తుంది, డిస్కు మీదికి తర్వాత తీరిగ్గా రాస్తుంది, దీన్నే రైట్ బ్యాక్ అంటాం, మధ్యలో కరెంట్ పోతే ఆ మెమరీలో ఉన్నది పోకుండా కాపాడేది బ్యాటరీ. బ్యాటరీ పోతే కార్డు తనంతట తానే రైట్ త్రూకి మారిపోతుంది, అంటే డిస్కు మీద నిజంగా పడేదాకా డేటాబేస్‌కి జవాబు ఇవ్వదు. కార్డు చేసింది సరైన పనే, దాన్ని బలవంతంగా రైట్ బ్యాక్‌లోనే ఉంచే సెట్టింగ్ కూడా ఒకటి ఉంటుంది, దయచేసి దాన్ని ముట్టుకోవద్దు, స్పీడ్ తిరిగొస్తుంది, ఒక్క పవర్ కట్‌తో డేటాబేస్ పాడవుతుంది.

ఇక రైట్ త్రూలో రెయిడ్ 5 ఎంత లాగగలదో లెక్క చాలా సులువు. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు, కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, 4 చిల్లర, హెడ్ జరగడానికి ఇంకో 8 దాకా. మొత్తం 12 చిల్లర మిల్లీసెకన్లు, అంటే ఒక డిస్కు సెకనుకు 80 దాకా ర్యాండమ్ ఆపరేషన్లు చేయగలదు. 6 డిస్కులు కలిపితే 480. కానీ రెయిడ్ 5లో ఒక చిన్న రైట్ అంటే పాత డేటా చదవాలి, పాత పారిటీ (పోయిన డిస్కులోని డేటాని మళ్ళీ కట్టడానికి దాచే లెక్క) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి, నాలుగు పనులు. 480ని 4తో భాగిస్తే 120. మొత్తం సెంటర్ అంతటికీ సెకనుకు 120 చిన్న రైట్లు, అదీ స్కాన్ ఇమేజీలు అదే టైంలో వచ్చి పడకపోతేనే. బ్యాటరీ బాగున్నన్నాళ్ళూ క్యాష్ ఈ సంగతి కనపడనివ్వలేదు.

రెండో సంగతి ఇంకా పెద్దది. అర్రే, అంటే కలిపి కట్టిన ఈ డిస్కుల గుంపు, డిగ్రేడెడ్‌లో ఉంది. ఒక డిస్కు ఎప్పుడో బయటికి వెళ్ళిపోయింది, అంటే 5 డిస్కుల మీద నడుస్తోంది, ఇప్పుడు ఇంకొక్కటి పోతే మొత్తం పోయినట్టే. అలర్ట్ మెయిల్స్ వెళ్తూనే ఉన్నాయి, కాకపోతే ఎప్పుడో ఉద్యోగం మానేసిన వ్యక్తి మెయిల్‌బాక్స్‌కి. సిస్టమ్స్ చూసుకునే కుర్రాడిని అడిగితే "అన్నా, ఆ లైటు చాన్నాళ్ళుగా అలాగే వెలుగుతోంది, అది అలాగే ఉంటుందేమో అనుకున్నా" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏం లేదు, ఆ లైటుకి అర్థం ఏంటో అతనికి ఎవరూ చెప్పలేదు, ఏ రంగుకి ఏం చేయాలో రాసిన కాగితం ఒక్కటి కూడా ర్యాక్ దగ్గర లేదు.

మిగిలిన 5 డిస్కుల స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, తీశాను. చూడాల్సినవి ముఖ్యంగా 5వ నంబర్, రీఅలోకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే చోటికి మార్చిన ముక్కలు), తర్వాత 197, పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి), 198, చదవలేక వదిలేసినవి. 199 (దారిలో డేటా తప్పుగా చేరిన లెక్క) పెరుగుతుంటే అది చాలాసార్లు డిస్కు తప్పు కాదు, కేబులో బ్యాక్‌ప్లేనో (డిస్కులు తగిలించే బోర్డు) చూడాలి. ఇక్కడ ఒక డిస్కులో 197 సున్నా కాదు. అంటే పారిటీ రక్షణ లేని అర్రేలో, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు ఉన్న డిస్కు ఒకటి.

ముందు డేటా బయటికి తీయాలి, రీబిల్డ్ తర్వాత

ఈ చోట చాలామంది చేసే పని, కొత్త డిస్కు తెచ్చి ఖాళీ బేలో (డిస్కు పెట్టే అరలో) పెట్టేయడం. పెట్టగానే రీబిల్డ్ మొదలవుతుంది, రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా చదవడం, ఏళ్ళుగా ఎవరూ తాకని చోట్లు కూడా. ఆ పెండింగ్ సెక్టార్ దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోతే కొన్ని కార్డులు రీబిల్డ్‌నే ఆపేస్తాయి, కొన్ని ఆ డిస్కుని కూడా బయటికి తోసేస్తాయి, అప్పుడు అర్రే మొత్తం పడిపోతుంది. రోగంతో ఉన్న అర్రే మీద పెట్టే అతి పెద్ద బరువు రీబిల్డే. అందుకే డేటా బయటికి రాకముందు రీబిల్డ్ వద్దన్నాను.

వరుస ఇలా పెట్టుకున్నాం. ముందు డేటాబేస్ డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్‌గా తీయడం), అది సైజులో చిన్నది, విలువలో అన్నిటికన్నా పెద్దది, తీసి వేరే మెషీన్ మీద రిస్టోర్ చేసి సాఫ్ట్‌వేర్ తెరిచి నాలుగు రిపోర్టులు చూసి అప్పుడు మాత్రమే అయింది అనుకున్నాం. తర్వాత ఈ మధ్య వచ్చిన స్కాన్లు, తర్వాత పాతవి. కాపీ రాత్రిళ్ళు, ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో, స్పీడ్ లిమిట్ పెట్టి, ఎర్రర్ వచ్చిన ఫైళ్ళ పేర్లు లాగ్‌లో పడేలా. కొన్ని ఫైళ్ళు చదవడం కుదరలేదు, అదృష్టం బాగుండి అవి ఇంకా ఎంఆర్ఐ మెషీన్ సొంత డిస్కులో ఉన్నాయి, అక్కడి నుంచి మళ్ళీ పంపించాం.

బయటికి వెళ్ళిపోయిన ఆ మొదటి డిస్కుని తర్వాత టేబుల్ మీద పెట్టి చూస్తే అది చచ్చిపోలేదు, కొన్ని సెక్టార్లు మాత్రమే బాగాలేవు. మరి కార్డు ఎందుకు తోసేసింది అంటే, అది డెస్క్‌టాప్ డిస్కు. డెస్క్‌టాప్ డిస్కు ఒక సెక్టార్ చదవలేకపోతే ఒక్కోసారి నిమిషం పైన కూడా పట్టుబట్టి ప్రయత్నిస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఒంటరిగా ఉన్న డిస్కుకి వేరే దిక్కు లేదు కాబట్టి అలా తయారుచేశారు. రెయిడ్‌లో అయితే తిరగబడుతుంది, కార్డు కొన్ని సెకన్లు చూసి ఈ డిస్కు పోయింది అనుకుంటుంది. సర్వర్, నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్సు) డిస్కుల్లో ఎర్రర్ రికవరీ కంట్రోల్ అని ఉంటుంది, మామూలుగా 7 సెకన్లకి "చదవలేకపోయా" అని చెప్పేసి ఊరుకుంటుంది, అప్పుడు రెయిడ్ ఆ ముక్కని పారిటీ నుంచి తీసి తిరిగి రాసేస్తుంది, డిస్కు లోపలే ఉంటుంది. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో కూడా ఇదే కథ, కెర్నెల్ డిఫాల్ట్ టైమౌట్ 30 సెకన్లు, డిస్కు అంతకన్నా ఎక్కువసేపు మౌనంగా ఉంటే లింక్ రీసెట్ అవుతుంది, అర్రే నుంచి డిస్కు పడిపోతుంది. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఈ 7 సెకన్ల సెట్టింగ్ ఉందో లేదో చూడొచ్చు, పెట్టొచ్చు, చాలా డిస్కుల్లో పవర్ తీసి పెడితే అది పోతుంది కాబట్టి బూట్ అయిన ప్రతిసారీ పెట్టే స్క్రిప్ట్ ఉండాలి. సపోర్ట్ లేని డిస్కే దిక్కయితే కెర్నెల్ టైమౌట్‌ని 180కి పెంచాలి.

లెవెల్ ఎలా తేలింది

కొత్త సర్వర్‌లో ముందు వైపు 12 బేలు, లోపల రెండు ఎం.2 స్లాట్లు (చిన్న ఎస్‌ఎస్‌డీలు పెట్టే చోట్లు). సెంటర్ వాళ్ళ మొదటి ఆలోచన, 12 బేలలో 12 పెద్ద డిస్కులు పెట్టి అంతా కలిపి ఒకే రెయిడ్ 5. స్పేస్ ఎక్కువ వస్తుంది, ఒకే డ్రైవ్‌లా కనపడుతుంది, నిజమే. నేను రెండు పనుల్ని విడదీయాల్సిందే అన్నాను, ఎందుకంటే వాటి రైట్ల తీరు వేరు, పోతే జరిగే నష్టం వేరు, రీబిల్డ్ టైం కూడా వేరు.

ఇమేజీల వైపు ముందు చూద్దాం, 8 టీబీ డిస్కులు 7 పెడదాం అనుకున్నాం. 8 టీబీని సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాస్తే 40,000 సెకన్లు, 11 గంటల పైనే, అది కూడా ఎవరూ సర్వర్ వాడకపోతే, పైగా డిస్కు లోపలి ట్రాకులకి వచ్చేసరికి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. సెంటర్ నడుస్తుండగా అయితే ఒకటిన్నర రోజు, రెండు రోజులు అనుకోవడమే మంచిది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ పేపర్ రాసినప్పుడు వాళ్ళు ఉదాహరణగా తీసుకున్న చిన్న డిస్కు 100 ఎంబీది, స్పీడ్ సెకనుకు సుమారు 1 ఎంబీ, మొత్తం డిస్కు చదవడానికి రెండు నిమిషాలు చాలు. అప్పటి నుంచి కెపాసిటీ వేల రెట్లు పెరిగింది, స్పీడ్ వందల రెట్లు మాత్రమే పెరిగింది, ఈ తేడా అంతా రీబిల్డ్ టైం మీద పడింది. రెయిడ్ 5 గురించి పాత పుస్తకాల్లో చదివిన నమ్మకం ఇప్పటి డిస్కులకి సరిపోకపోవడానికి కారణం ఇదే.

7 డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోతే రీబిల్డ్ కోసం మిగిలిన 6 పూర్తిగా చదవాలి, 48 టీబీ. డిస్కు స్పెక్ షీట్‌లో చదవలేని ఎర్రర్ ఎన్ని బిట్లకి ఒకటి రావచ్చో రాసుంటుంది, డెస్క్‌టాప్ డిస్కుకి మామూలుగా 1 పక్కన 14 సున్నాలు, అంటే 12.5 టీబీకి ఒకటి, సర్వర్ డిస్కుకి 15 సున్నాలు, 125 టీబీకి ఒకటి. మంచి సర్వర్ డిస్కులతోనే లెక్కేసినా 48 టీబీ చదివేలోపు ఒక్కసారైనా ఎర్రర్ తగిలే అవకాశం కాగితం మీద మూడో వంతు దాకా వస్తుంది. నిజం డిస్కులు ఈ స్పెక్ కన్నా బాగానే చదువుతాయి, అది కంపెనీ గరిష్ఠంగా ఇంత అని రాసిన హద్దు, కాబట్టి దీన్ని జోస్యంలా చూడకూడదు. కానీ ఏళ్ళ తరబడి దాచాల్సిన స్కాన్లకి, రెండు రోజుల పాటు ఏ రక్షణా లేకుండా 48 టీబీ ఒక్క తప్పు లేకుండా చదవాలి అనే షరతు నేను ఒప్పుకోలేను. రెండు పారిటీలు ఉంటే రీబిల్డ్ మధ్యలో ఒక సెక్టార్ చదవకపోయినా రెండో పారిటీ నుంచి వస్తుంది, అందుకే ఇక్కడ డబుల్ పారిటీ.

"రెయిడ్ 5 పెట్టి పక్కన ఒక హాట్ స్పేర్ పెట్టొచ్చు కదా సార్" అని వాళ్ళ అకౌంట్స్ మేడమ్ అడిగారు, చాలా మంచి ప్రశ్న. రెండిటికీ పట్టే డిస్కుల సంఖ్య ఒకటే, వచ్చే స్పేస్ ఒకటే. కానీ స్పేర్ అనేది ఒక డిస్కు పోయాకే పని మొదలుపెడుతుంది, ఆ రీబిల్డ్ అయ్యేదాకా రక్షణ ఉండదు, రెయిడ్ 6లో అదే డిస్కు మొదటి రోజు నుంచే పారిటీ మోస్తూ ఉంటుంది. డిస్కుల సంఖ్య ఒకటే అయినప్పుడు రక్షణ విషయంలో రెయిడ్ 5 ప్లస్ స్పేర్ కన్నా రెయిడ్ 6 మేలు.

డేటాబేస్ వైపు లెక్క ఇంకా తేలిక. రెయిడ్ 6లో చిన్న రైట్ అంటే ఆరు పనులు, రెయిడ్ 10లో రెండే, రెండు కాపీలు రాస్తే అయిపోయింది. రీబిల్డ్ అంటే కూడా జంటలో మిగిలిన డిస్కు నుంచి కాపీ, అంతే. డేటాబేస్ సైజు పెద్దది కాదు కాబట్టి 4 ఎస్‌ఎస్‌డీలు, రెయిడ్ 10. ఆపరేటింగ్ సిస్టమ్‌కి రెండు ఎం.2లు, రెయిడ్ 1, అంటే ఒకదానికి ఇంకోటి కాపీ.

బేలు ఇప్పుడు 4 ప్లస్ 7, మొత్తం 11. పన్నెండోది ఖాళీగా వదిలేశాం, చాలామంది దీన్ని వేస్ట్ అన్నారు, నాకు మాత్రం అది ఈ మొత్తం డిజైన్‌లో చాలా విలువైన చోటు. డిస్కు పూర్తిగా చావకముందే, పెండింగ్ సెక్టార్లు పెరుగుతున్నాయి అనగానే కొత్త డిస్కుని ఆ ఖాళీ బేలో పెట్టి, పాతది ఇంకా లోపల ఉండగానే రీప్లేస్ చేయొచ్చు, ఒక్క క్షణం కూడా పారిటీ తగ్గదు. స్పేర్ డిస్కు ప్యాకింగ్ తీయకుండా అల్మారాలో ఉంటుంది.

కార్డా, సాఫ్ట్‌వేరా

కొత్త సర్వర్‌లో రెయిడ్ కార్డు వద్దనుకున్నాం, మామూలు హెచ్‌బీఏ తీసుకున్నాం, అది డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కి చూపిస్తుంది, అంతకు మించి తెలివి చూపించదు. కార్డు చచ్చిపోతే అదే రకం కార్డు వెతకాలి, లైనక్స్ రెయిడ్ అయితే డిస్కులు తీసి ఏ లైనక్స్ మెషీన్‌లో పెట్టినా లేచి కూర్చుంటుంది. విండోస్ మాత్రమే నడిచే చోటో, వీఎంవేర్ నేరుగా బూట్ అయ్యే చోటో కార్డుకి ఇంకా పని ఉంది, అక్కడ మాత్రం బ్యాటరీకి బదులు కెపాసిటర్, ఫ్లాష్ ఉన్న రకం చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాలు కలిపాం, దీని మీద నాకే కొంచెం ఆలోచన పట్టింది ఎందుకంటే ఒకే బాక్సులో రెండు పద్ధతులు అంటే చూసుకునేవాళ్ళు రెండు నేర్చుకోవాలి. చివరికి సిస్టమ్, డేటాబేస్ ఎండీఆడ్మ్ (లైనక్స్ సొంత రెయిడ్, ఎండీ అన్నా ఇదే) మీద, ఇమేజీలు జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ కూడా తనే చూసుకునే ఫైల్ సిస్టమ్) రెయిడ్‌జెడ్2 (అందులోని డబుల్ పారిటీ) మీద పెట్టాం. ఇమేజీలకి జెడ్‌ఎఫ్‌ఎస్ ఎందుకంటే చెక్‌సమ్, అంటే డేటా మారిందో లేదో పట్టిచ్చే చిన్న లెక్క. మామూలు రెయిడ్ 6లో నెలవారీ చెక్ నడిపితే డేటాకీ పారిటీకీ పొంతన లేదు అని మిస్‌మ్యాచ్ కౌంట్ చూపిస్తుంది, అందులో తప్పు ఏదో చెప్పదు, రిపేర్ అంటే డేటానే నిజం అనుకుని పారిటీని మళ్ళీ రాసేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ దాచుకుంటుంది కాబట్టి ఏ డిస్కు అబద్ధం చెప్పిందో తెలుసుకుని, సరైనది కట్టి, తిరిగి రాస్తుంది. పదేళ్ళ తర్వాత తెరిచే స్కాన్‌కి ఇది కావాలి. పైగా రైట్ మధ్యలో కరెంట్ పోతే డేటా ఒకటి, పారిటీ ఇంకోటి అయిపోయే రైట్ హోల్ సమస్య అందులో ఉండదు. ఇక సిస్టమ్, డేటాబేస్ ఎండీ మీద ఉంచడానికి కారణం, జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్స్ వల్ల లైనక్స్ కెర్నెల్‌లో భాగం కాదు, బయటి మాడ్యూల్, ఏదో అప్‌డేట్ తర్వాత ఆ మాడ్యూల్ లోడ్ కాకపోయినా సర్వర్ లేవాలి, కౌంటర్ నడవాలి, స్కాన్లు గంట ఆలస్యమైనా ఫర్వాలేదు.

డిస్కుల విషయం త్వరగా చెప్పేస్తా. హార్డ్ డిస్కులు సీఎంఆర్ (ట్రాకుల్ని విడివిడిగా రాసే రకం) అని స్పెక్ షీట్‌లో స్పష్టంగా రాసి ఉన్నవే తీసుకోవాలి, ఎస్‌ఎంఆర్ డిస్కులు ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి, రీబిల్డ్ లాంటి సుదీర్ఘమైన రైట్ వచ్చేసరికి కూలబడిపోతాయి, నాస్ కోసమని అమ్మే డిస్కుల్లో కూడా ఎస్‌ఎంఆర్ ఉన్న సంగతి 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఎస్‌ఎస్‌డీలకి పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉండాలి, లోపల కెపాసిటర్లు ఉండటం వల్ల డేటాబేస్ ఎఫ్‌సింక్ (నిజంగా రాసేశావని ఖాయం చేయమనడం) అడిగిన ప్రతిసారీ ఫ్లాష్ దాకా పోకుండా వెంటనే జవాబు ఇవ్వగలవు, అది లేని డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ ప్యాకెట్ మీద ఎంత స్పీడ్ రాసున్నా ఎఫ్‌సింక్ దగ్గర పడిపోతుంది. ఇంకోటి, అన్నీ ఒకే బ్యాచ్ కాకుండా చూసుకోవాలి. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది, కొన్ని ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయి, డేటా తిరిగి రాదు, వెంటనే ఫర్మ్‌వేర్ మార్చండి అని. ఒకే రోజు అర్రేలో పెట్టిన డిస్కులన్నీ ఒకే గంటలో పోతే ఏ లెవెల్ రెయిడ్ అయినా ఏం చేయగలదు. అందుకే రెండు వేర్వేరు కంపెనీల ఎస్‌ఎస్‌డీలు రెండేసి తీసుకున్నాం, పెట్టే ముందే ఫర్మ్‌వేర్ చూశాం.

సెటప్

పెట్టేముందు ప్రతి హార్డ్ డిస్కుకీ స్మార్ట్ లాంగ్ టెస్ట్, తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే టూల్‌తో మొత్తం రాసి చదవడం, తర్వాత మళ్ళీ లాంగ్ టెస్ట్. రోజులు పడుతుంది, అందరూ తొందరపెడతారు, ఒప్పుకోకూడదు. ఫ్యాక్టరీ నుంచి దారిలో దెబ్బతిన్న డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే బయటపడాలి. ఈసారి ఒకటి అలాగే బయటపడింది, రెండో లాంగ్ టెస్ట్‌లో రీడ్ ఎర్రర్, వెనక్కి పంపి మార్పించాం.

రెయిడ్ 10 కట్టేటప్పుడు ఒక చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండీఆడ్మ్ డిఫాల్ట్ లేఅవుట్‌లో, కమాండ్‌లో మీరిచ్చిన వరుసలో పక్కపక్కన ఉన్నవి జంట అవుతాయి, ఒకటి రెండు ఒక జంట, మూడు నాలుగు ఇంకో జంట. జంటలో రెండిటికీ ఒకే రైట్లు పడతాయి కాబట్టి అరుగుదల కూడా సమానంగా ఉంటుంది, రెండూ ఒకే మోడల్ అయితే ఒకే టైంకి ముసలివవుతాయి. అందుకని వరుసని ఒక కంపెనీది, రెండో కంపెనీది, మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది అని ఇచ్చాం, ప్రతి జంటలోనూ ఒక్కో కంపెనీది ఒకటి ఉండేలా. ఒకే కంపెనీవి రెండూ ఒకేసారి పోయినా డేటా బతుకుతుంది. చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద ఒకసారి పడే ముక్క) డిఫాల్ట్ 512 కేబీనే ఉంచాం, బిట్‌మ్యాప్ (ఏ చోట్లు ఇంకా సింక్ కావాలో రాసుకునేది) ఆన్‌లో ఉంచాం, దాని పైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్. అర్రే వివరాలు కాన్ఫిగ్ ఫైల్‌లో చేర్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న సిస్టమ్) మళ్ళీ కట్టాలి, లేకపోతే రీబూట్ తర్వాత అర్రే పేరు ఎండీ0 కాస్తా ఎండీ127గా లేస్తుంది, ఇది ఇప్పటికీ జనం తల పట్టుకునే విషయం.

బూట్ దగ్గర యూఈఎఫ్ఐ పార్టిషన్ (సర్వర్ ఆన్ అవగానే బూట్ కోసం చదివే భాగం) రెయిడ్‌లోకి శుభ్రంగా రాదు, కాబట్టి రెండు ఎం.2ల మీదా వేరువేరుగా పెట్టి, బూట్‌లోడర్ అప్‌డేట్ అయినప్పుడు రెండిట్లోకీ వెళ్ళేలా చేశాం.

జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ని (అందులో డిస్కుల గుంపుని ఇలా అంటారు) డిస్కుల సీరియల్ ఉండే బై-ఐడీ పేర్లతో కట్టాం, ఎస్‌డీఏ ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌కి మారిపోతాయి. ఏషిఫ్ట్ 12 (అంటే 4 కేబీ సెక్టార్లు), ఇది ఒకసారి పెడితే మారదు. రికార్డ్ సైజు 1 ఎంబీ ఎందుకంటే ఫైళ్ళు పెద్దవి, ఏటైమ్ (ఫైల్ తెరిచిన టైం రాసుకోవడం) ఆఫ్, కంప్రెషన్ ఎల్‌జెడ్4. 7 డిస్కుల్లో 5 డేటావి, 40 టీబీ, సిస్టమ్ చూపించేది 36 చిల్లరే, ఎందుకంటే డిస్కు కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, సిస్టమ్ 1024తో, ఈ మాట ముందే సెంటర్ వాళ్ళకి చెప్పి ఉంచాం. ఇంకా ముఖ్యమైనది, మేం వాడిన వెర్షన్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ రామ్‌లో సగం దాకా తన క్యాష్‌కి తీసుకుంటుంది, పక్కనే పోస్ట్‌గ్రెస్ ఉంది కాబట్టి దానికి పై హద్దు పెట్టాం.

అలర్ట్‌లు ఒక వ్యక్తి మెయిల్‌కి కాకుండా ముగ్గురు ఉన్న గ్రూప్ ఐడీకి పెట్టాం, అలర్ట్ పంపే ఎండీఆడ్మ్ మానిటర్, స్మార్ట్‌డీ, జెడ్‌ఎఫ్‌ఎస్ జెడ్‌ఈడీ, మూడిటికీ. ఎండీఆడ్మ్‌లో టెస్ట్ మెయిల్ పంపే ఆప్షన్ ఉంది, అది నెలకోసారి దానంతట అదే వెళ్ళేలా క్రాన్‌లో (టైం ప్రకారం పనులు నడిపేది) పెట్టాం. ఆ మెయిల్ రాకపోతే అలర్ట్ దారి ఎక్కడో తెగినట్టు లెక్క.

డిస్కు లాగి చూడటం

ఇది అయ్యేదాకా సర్వర్ అప్పగించను. డిస్కు పోవడం ఎలా ఉంటుందో మొదటిసారి చూసేది నిజంగా పోయిన రోజు కాకూడదు. ప్రతి ట్రే మీద సీరియల్ నంబర్ స్టిక్కర్ అంటించి, ఆ కుర్రాడి చేతే లాగించాం. ముందు ఎం.2లలో మొదటిది తీసేసి బూట్ చేశాం, రెండో దాని నుంచి లేచింది. తర్వాత ఎఫ్‌ఐఓ అనే టెస్ట్ టూల్‌తో 8 కేబీ ర్యాండమ్ రైట్ల లోడ్ నడుస్తుండగా, పోస్ట్‌గ్రెస్ పేజీ సైజు అదే కాబట్టి, ఒక ఎస్‌ఎస్‌డీ లాగాం. క్షణం ఆగి మళ్ళీ సాగింది, మెయిల్ వచ్చింది, తిరిగి పెట్టి యాడ్ చేస్తే ఎండీస్టాట్‌లో (రీబిల్డ్ ఎంతదాకా వచ్చిందో చూపేది) శాతం కదలడం అందరూ చూశారు. సింక్ స్పీడ్‌కి కెర్నెల్‌లో పై హద్దు డిఫాల్ట్‌గా సెకనుకు 200 ఎంబీ దగ్గర ఉంటుంది, ఎస్‌ఎస్‌డీలకి దాన్ని పెంచొచ్చు, పగలు మాత్రం పెంచకుండా ఉంచమన్నాను, రీబిల్డ్ కోసం కౌంటర్ ఆగకూడదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ టెస్ట్ మాత్రం డేటా అంతా కాపీ అయ్యాకే పెట్టాం. ఎండీ అయితే ఖాళీ అర్రే అయినా డిస్కు మొత్తం రీబిల్డ్ చేస్తుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ నిజంగా డేటా ఉన్నంత మేరకే చేస్తుంది, ఖాళీ పూల్‌లో లాగి చూస్తే సెకన్లలో అయిపోతుంది, ఆ టెస్ట్‌కి అర్థం లేదు. డేటాతో ఒక డిస్కు తీసి, ప్యాకింగ్‌లోంచి స్పేర్ పెట్టి, పగటి లోడ్‌లో ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకున్నాం, రేపు నిజంగా జరిగితే ఎంత అని అడిగినవాళ్ళకి చెప్పడానికి.

చివరి పరీక్ష కరెంట్. పక్క మెషీన్ నుంచి ఒక చిన్న స్క్రిప్ట్ డేటాబేస్‌లోకి 1, 2, 3 అని నంబర్లు కమిట్ చేస్తూ, కమిట్ అయింది అని జవాబు వచ్చిన నంబర్‌ని తన స్క్రీన్ మీద చూపిస్తుంది. అది నడుస్తుండగా సర్వర్ రెండు పవర్ కేబుళ్ళూ పీకేయాలి. లేచాక టేబుల్‌లో ఆ స్క్రీన్ మీది చివరి నంబర్ ఉండి తీరాలి, ఒక్కటి తక్కువున్నా ఎక్కడో ఏదో క్యాష్ అబద్ధం చెబుతున్నట్టే. పలుమార్లు పీకాం, ప్రతిసారీ ఉంది.

అప్పగించాక

సేవ్ ఆగడం పోయింది, అది అనుకున్నదే. పాత బాక్సుని పారేయలేదు, కొత్త డిస్కులతో, ఇంకో గదిలో, బ్యాకప్‌కి పెట్టాం, రాత్రికి జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు, పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ అక్కడికి వెళ్తాయి, వారానికోసారి ఒక కాపీ బిల్డింగ్ బయటికి. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకు అని ఇప్పటికీ అడుగుతుంటారు, ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే, ర్యాన్సమ్‌వేర్ వస్తే, ఆ నష్టం అన్ని డిస్కుల మీదా అదే క్షణంలో పడుతుంది, పారిటీ దాన్ని కూడా శ్రద్ధగా కాపాడుతుంది.

కొన్ని నెలలకి ఇమేజీ డిస్కుల్లో ఒకదానికి 197 పెరగడం మొదలైంది, మెయిల్ గ్రూప్‌లో ముగ్గురికీ వచ్చింది. ఆ కుర్రాడు నాకు ఫోన్ చేసేసరికే అల్మారాలోంచి స్పేర్ తీసి ఖాళీ బేలో పెట్టేశాడు, "అన్నా, రీప్లేస్ కమాండ్ ఇచ్చేముందు ఒకసారి సీరియల్ చదువుతా, మీరూ చూడండి" అన్నాడు. ఇద్దరం సరిచూసుకున్నాక ఇచ్చాడు, పూల్ ఒక్క నిమిషం కూడా డిగ్రేడ్ కాలేదు, కౌంటర్లో ఎవరికీ తెలియలేదు. పాతది తీసేశాక ఆ బే ఖాళీ అయింది, స్టిక్కర్ మార్చారు, అదే రోజు ఇంకో స్పేర్‌కి ఆర్డర్ పెట్టారు.

ఇప్పుడు ముందున్నది స్పేస్. పూల్ 80 శాతం దాటకుండా చూసుకోమన్నాను, నిండే కొద్దీ జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ చోటు వెతుక్కోవడంలో నెమ్మదిస్తుంది. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 నుంచి అప్పటికే ఉన్న రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డిస్కు చేర్చుకునే వీలు వచ్చింది, చేర్చితే పాత ఫైళ్ళు మళ్ళీ రాసేదాకా పాత పారిటీ నిష్పత్తిలోనే ఉంటాయి, అయినా పనికొచ్చేదే. కానీ అలా చేస్తే ఆ ఖాళీ బే పోతుంది. అందుకే ఒక్కో డిస్కుని పెద్ద సైజుదానితో మార్చుకుంటూ వెళ్ళి ఏడూ అయ్యాక పూల్‌ని పెంచే దారి వైపే మొగ్గు చూపుతున్నాం, డబ్బు ఎక్కువే, టైం కూడా ఎక్కువే, ప్రతి మార్పుకీ ఒక పూర్తి రీసిల్వర్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రీబిల్డ్), మధ్యలో ఒక స్క్రబ్ (డేటా అంతా చదివి చెక్‌సమ్ సరిచూడటం). మొదటి డిస్కు వచ్చాక దానికి కూడా లాంగ్ టెస్ట్ పెట్టాకే లోపలికి.